మీ ఊరి బార్ అసోసియేషన్‌లో లీగల్ ఎయిడ్ పని మొదలుపెట్టడం ఎలా

మన దగ్గర ఏ కోర్టు కాంపౌండులోకి వెళ్లినా బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) గది ఒకటి ఉంటుంది, అక్కడే ఓ పక్కన న్యాయ సేవాధికార సంస్థ బోర్డూ కనిపిస్తుంది. అయినా చాలా బార్లలో ఏడాదికోసారి నవంబరు 9న న్యాయ సేవల దినం సభకు వెళ్లి రావడం తప్ప ఆ బోర్డుతో మనకు పెద్దగా పని పడదు. ఫ్లెక్సీ, నాలుగు ప్రసంగాలు, గ్రూపు ఫొటో, అయిపోయింది. లీగల్ ఎయిడ్, అంటే ఉచిత న్యాయ సహాయం, అవసరమైన మనిషి మాత్రం ఆ సభలో ఉండడు, పోలీసు జీపులో ఉంటాడు, లేదా సబ్‌జైల్లో ఉంటాడు, లేదా కోర్టు మెట్ల మీద కాగితాలు పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక కూర్చుని ఉంటుంది. వాళ్ల దగ్గరికి బార్ వెళ్లాలంటే ఏం చేయాలో, మా బార్‌లో కొన్నేళ్లుగా చేస్తూ తప్పులు చేస్తూ నేర్చుకున్నది రాస్తున్నాను. ముఖ్యంగా మండల కేంద్రాల్లో, చిన్న కోర్టుల్లో ప్రాక్టీసు చేసే జూనియర్ల కోసం. లాయర్లు కానివాళ్లు కూడా చదవండి, మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

ముందు ఒక శనివారం సంగతి

ప్రాక్టీసుకు వచ్చిన రెండో ఏడు. ఏదో పని మీద మేజిస్ట్రేట్ గారి క్వార్టర్స్ వైపు వెళ్తుంటే గేటు బయట జీపు, జీపు పక్కన ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు, కాస్త దూరంలో వేపచెట్టు కింద వాళ్లమ్మ. ఆమె చేతిలో బట్టల షాపు కవరు, అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కొడుకు పదో తరగతి మార్కుల లిస్టు. మార్కుల లిస్టు ఎందుకమ్మా అంటే "మంచోడే అని చూపిద్దామని బాబూ" అంది. మోటారు సైకిల్ దొంగతనం కేసు. ప్లీడరు గారిని పెట్టుకున్నారా అని అడిగితే, ఒకాయన ఐదు వేలు అడిగారని, తన దగ్గర నాలుగు వందలే ఉన్నాయని చెప్పింది. సోమవారం కోర్టుకు రమ్మని చెప్పి నేను వచ్చేశాను.

కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని నేను అప్పటికే చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ గేటు దగ్గర మాత్రం ఆ చదువు నోటికి రాలేదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు, ఎందుకంటే మా బార్‌లో ఆ పని ఎవరిదీ కాదు. ఆ కుర్రాడు యాభై రోజులకు పైగా లోపల ఉన్నాడు. బెయిల్ ఆర్డరు వచ్చాక కూడా జామీనుదారులు దొరక్క పంతొమ్మిది రోజులు అక్కడే. ఈ పని ఎవరిదో ఒకరిది కావాలని, వాళ్ల పేరు, ఫోన్ నంబరు ముందే రాసి ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. కింద చెప్పబోయేదంతా దానికోసమే.

చట్టం ఎంతవరకు చదవాలి

ఎక్కువేం లేదు. రాజ్యాంగంలో 39-ఎ అధికరణం, 1976లో 42వ సవరణతో వచ్చింది, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదని అంటుంది. దాని మీద 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు, అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. ఈ చట్టంలో మీకు నోటికి రావాల్సింది 12వ సెక్షను ఒక్కటే.

ఎస్సీ, ఎస్టీలు. మహిళలు, పిల్లలు. వికలాంగులు. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి గురైనవాళ్లు. వరద, కరవు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం, కుల దాడుల బాధితులు. ఫ్యాక్టరీ కార్మికులు. కస్టడీలో ఉన్నవాళ్లు, అంటే జైలే కాదు, పిల్లల హోమ్‌లు, మానసిక వైద్యశాలలు కూడా. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. వీళ్లలో ఎవరూ కాకపోతే అప్పుడు ఆదాయం చూస్తారు, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి. దానికి కూడా అఫిడవిట్ చాలు, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిప్పాల్సిన పని లేదు.

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. భర్త వదిలేసిన ఆవిడ భరణం కోసం వస్తే ఇన్‌కం సర్టిఫికెట్ తెమ్మంటారు, ఆవిడ రెండు రోజులు కూలి మానుకుని తిరుగుతుంది, మూడో రోజు ఇక రాదు. మహిళ అయితే చాలు, ఆవిడ కూలి మనిషైనా టీచరైనా ఆదాయం అడగకూడదు. ఈ సెక్షనును తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీలో ప్రింటు తీసి బార్ గదిలో, టైపిస్టు బల్ల దగ్గర, కోర్టు క్యాంటీన్‌లో అంటించండి. మా దగ్గర అన్నిటికంటే పనికొచ్చింది క్యాంటీన్‌లో అంటించిందే, టీ తాగుతూ జనం చదువుతారు.

ఒక జాగ్రత్త. అలాంటి కాగితం మీద ఏ లాయరు పేరూ ఫోన్ నంబరూ వేయకండి. ప్రచారం చేసుకోవడం, కేసులు అడుక్కోవడం బార్ కౌన్సిల్ నియమాల్లో 36వ నియమం ప్రకారం నిషేధం. జాతీయ హెల్ప్‌లైన్ 15100, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు నంబరు, అంతే వేయండి.

తీర్మానం లేకుండా మొదలుపెట్టకండి

నలుగురు స్నేహితులు కలిసి ఉత్సాహంగా మొదలుపెట్టిన పని ఇద్దరికి పెళ్లిళ్లయి ఒకరికి ఉద్యోగం వస్తే ఆగిపోతుంది. మాది మొదటిసారి అలాగే ఆగింది. జనరల్ బాడీలో తీర్మానంగా పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించండి, ప్రెసిడెంటు మారినా పని మిగులుతుంది. సీనియర్లలో కొందరు "ఇప్పటికే ఫీజులు రాక చస్తుంటే ఇదొకటా" అంటారు, ఆ బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. వాళ్లతో మాట్లాడేటప్పుడు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 46వ నియమం చూపించండి. లాయరు అవసరం నిజంగా ఉన్న మనిషి ఫీజు పూర్తిగా ఇవ్వలేకపోయినా అతనికి న్యాయ సహాయం పొందే హక్కు ఉందని, మన ఆర్థిక స్థితి అనుమతించినంత వరకు పేదలకు ఉచితంగా పనిచేయడం సమాజానికి మనం బాకీపడ్డ అతి పెద్ద బాధ్యతల్లో ఒకటని అందులోనే ఉంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 9-ఎ సెక్షను బార్ కౌన్సిళ్లు లీగల్ ఎయిడ్ కమిటీలు వేసుకోవచ్చని చెబుతుంది. అంటే ఇది మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్న పని కాదు, నల్లకోటు వేసుకున్న రోజే ఒప్పుకున్న పని.

తీర్మానం చిన్నగా ఉండాలి. మా వాళ్లు రాసింది దాదాపు ఇలా ఉంది, కావాలంటే వాడుకోండి (రిమాండు అంటే అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేట్ ముందు పెట్టి కస్టడీకి పంపడం):

"ఈ అసోసియేషన్ తరఫున ఐదుగురు సభ్యులతో న్యాయ సహాయ ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. ఉపసంఘ సభ్యులు వంతుల వారీగా పనిదినములలోను, సెలవు దినములలోను రిమాండు సమయమునకు హాజరుండవలెను. ఎవరి వద్దను ఎటువంటి రుసుము స్వీకరించరాదు. కోర్టు విధుల బహిష్కరణ కాలములో ఉపసంఘ పనికి మినహాయింపు ఉండును. ఉపసంఘము మూడు నెలలకొకసారి లెక్కలు జనరల్ బాడీకి సమర్పించవలెను."

ఐదుగురిలో కనీసం ఇద్దరు మహిళా లాయర్లు ఉండేలా చూడండి. గృహహింస, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) విషయాలు ఒక ఆడమనిషితో చెప్పుకున్నట్టు మగవాడితో చెప్పుకోలేరు. గుమస్తా ఒకరిని కూడా పిలవండి. ఏ కేసు ఏ బల్ల మీద ఆగిందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

సెక్రటరీ గారిని కలవడం

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారు చైర్మన్, రోజువారీ పని చూసేది సెక్రటరీ, ఆయన లేదా ఆవిడ కూడా న్యాయాధికారే. మండల స్థాయిలో అయితే ఆ కోర్టులో సీనియర్ జడ్జి గారే కమిటీ చైర్మన్. తీర్మానం కాపీ పట్టుకుని ప్రెసిడెంటు గారితో కలిసి వెళ్లండి, ఫిర్యాదుల చిట్టా మొదటిరోజే విప్పకండి. మూడే అడగండి: ఈ నెల రిమాండ్ లాయర్ల జాబితా, ఒక కట్ట దరఖాస్తు ఫారాలు, సబ్‌జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు (ఖైదీలకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే చోటు) ఎవరు ఏ రోజు వెళ్తున్నారో ఆ వివరం.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. 2022 నుంచి జిల్లా కేంద్రాల్లో క్రిమినల్ కేసులకు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి వచ్చింది, చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని పూర్తికాలం పనిచేసే లాయర్లుంటారు, వాళ్లు ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. చిన్న కోర్టుల్లో చాలాచోట్ల ఇంకా ప్యానెల్ లాయర్లే, అంటే న్యాయ సేవాధికార సంస్థ తన జాబితాలో పెట్టుకున్న లాయర్లు. బార్ ఉపసంఘం వీళ్లకు పోటీ కాదు. మనిషిని వాళ్ల దాకా చేర్చడం, చేరాక కేసు నడుస్తోందా లేదా చూడటం, ఇదీ మన పని. ప్యానెల్‌లోకి సాధారణంగా మూడేళ్ల లోపు ప్రాక్టీసు ఉన్నవాళ్లను తీసుకోరు కాబట్టి కొత్త జూనియర్లు దరఖాస్తులు రాయడం, రిజిస్టరు, జైలు జాబితా చూసుకుంటే చాలు, అది తక్కువ పనేం కాదు.

రిమాండ్ దగ్గర పది నిమిషాలు

మిగతావన్నీ సగం చేసినా ఇది మాత్రం పూర్తిగా చేయండి. అరెస్టయిన మనిషికి తొలి రోజు దొరకని సాయం తర్వాత ఎంత దొరికినా ఆ నష్టం పూడదు.

ముద్దాయితో మాట్లాడేటప్పుడు కానిస్టేబులు వినపడేంత దగ్గర ఉండకూడదు, మర్యాదగా అడిగితే సాధారణంగా పక్కకు జరుగుతారు. ముందు మీరెవరో చెప్పండి, డబ్బులు తీసుకోనని చెప్పండి, ఎందుకంటే భయంలో ఉన్నవాడికి ప్రతి కోటూ ఖర్చులాగే కనిపిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు పట్టుకున్నారని అడగండి, "నిన్న" అంటే సరిపోదు, పొద్దున అన్నం తిన్నాకా, రాత్రి పడుకున్నాకా, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు అని అడిగితే 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు పెట్టారా లేదా అన్న లెక్క తేలుతుంది. మీ ఇంట్లోవాళ్లకు కబురు చేశారా? ఎందుకు పట్టుకున్నారో చెప్పారా, కాగితం ఏమైనా ఇచ్చారా? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో (అరెస్టు, బెయిల్ లాంటి పద్ధతులు చెప్పే చట్టం) 47, 48 సెక్షన్లు ఈ రెండిటి గురించే. దెబ్బలేమైనా తగిలాయా? ఈ ప్రశ్న అడిగి ఊరుకోకండి, నడక చూడండి, అరికాళ్లు చూపించమనండి. మందులు వాడుతున్నావా, షుగరు, ఫిట్స్ ఉన్నాయా? చివరగా, వయసెంత?

వయసు దగ్గర ఆగండి. పద్దెనిమిది నిండకపోతే ఆ మనిషి ఉండాల్సింది మేజిస్ట్రేట్ ముందు కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు. స్టేషన్లో చాలాసార్లు అడిగింది అడిగినట్టు 19 అనో 20 అనో రాసేస్తారు. స్కూలు రికార్డులోని పుట్టిన తేదీకే చట్టం మొదటి విలువ ఇస్తుంది. వేపచెట్టు కింద ఆ తల్లి కవరులోని మార్కుల లిస్టు గుర్తుందా, ఆ కాగితం మీద పుట్టిన తేదీ ఉంటుంది, నేను ఆ రోజు కవరు చూశాను గానీ తేదీ చూడలేదు. ఆ కుర్రాడికి పందొమ్మిదే అని తర్వాత తెలిసింది. కానీ ఇంకోసారి, ఇంకో కుర్రాడి విషయంలో, ఊరి హైస్కూల్ హెడ్‌మాస్టరు గారు ఆదివారం పూట స్కూలు తలుపు తీయించి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్ చూస్తే పదహారేళ్ల ఏడు నెలలు. ఆ రాత్రి ఆ పిల్లాడు సబ్‌జైలుకు వెళ్లలేదు.

రిమాండ్ రిపోర్టు చూడమని అడగండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాసి మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారణాలు ప్రతి కేసులోనూ ఒకేలా ఉంటే, ఒక ముద్దాయి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినట్టు ఉంటే, ఆ మాటే మెమోలో (కోర్టుకు రాసిచ్చే చిన్న కాగితం) రాయండి. ఉచిత న్యాయ సహాయం హక్కు ఉందని మొదటిసారి హాజరుపరిచినప్పుడే మేజిస్ట్రేట్ ముద్దాయికి చెప్పాలి, 1980లో, పోలీసులు కళ్లు పోగొట్టిన భాగల్పూర్ ఖైదీల కేసులోనే సుప్రీంకోర్టు చెప్పిన మాట, 2012లో ముంబై దాడుల ఉగ్రవాది కసబ్ తీర్పులో మళ్లీ గట్టిగా చెప్పింది. కసబ్‌కే ఆ హక్కు ఉందన్న కోర్టు ముందు మన ఊరి మోటారు సైకిల్ కేసు ఎంత. చెప్పినట్టు, ముద్దాయి లాయరు కావాలన్నట్టు ఆర్డరులో నమోదు చేయమని వినయంగా కోరండి. మా అనుభవంలో అడిగిన ప్రతిసారీ రాశారు, అడిగేవాళ్లు లేనప్పుడే అది ఖాళీగా ఉండిపోయేది.

బయటికి వచ్చాక రిమాండ్ తేదీ రిజిస్టర్‌లో వేసి దాని పక్కనే అరవయ్యో రోజు, తొంభయ్యో రోజు ఏ తేదీ అవుతుందో కూడా వేసేయండి. ఆ గడువులోగా ఛార్జిషీటు రాకపోతే సంహిత 187వ సెక్షను కింద బెయిల్ హక్కు, కానీ అడిగితేనే. ఛార్జిషీటు పడిపోయాక అడిగితే ఆ హక్కు ఉండదు, కాబట్టి ఆ తేదీ ముందురోజే దరఖాస్తు తయారుగా ఉండాలి.

బెయిల్ వచ్చినా లోపలే ఉన్నవాళ్లు

మన కళ్ల ముందే జరిగే అన్యాయం ఇది. ఆర్డరులో "పది వేలకు ఇద్దరు జామీనుదారులు" అని ఉంటుంది, వలస కూలీకి ఈ ఊళ్లో ఇంటి పన్ను రసీదు ఉన్న ఇద్దరు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీనిమీద వివరంగా ఆదేశాలిచ్చింది. బెయిల్ ఆర్డరు సాఫ్ట్ కాపీ అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్ వెళ్లాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి తెలియజేయాలి. నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడవచ్చు.

మీరు చేయాల్సింది ప్రతి సోమవారం సెక్రటరీ ఆఫీసుకు వెళ్లి ఆ ఏడు రోజుల జాబితా అడగడం. మొదట్లో జాబితా లేదంటారు. రెండోవారం కూడా అడగండి. మూడోవారానికి జైలు నుంచి తెప్పిస్తారు. జాబితాలో ఉన్న ప్రతి పేరుకూ షరతు సడలింపు పిటిషన్ వేయించండి, సొంత బాండ్ మీద విడుదల కోరండి. బెయిలబుల్ నేరమైతే ఇంకా సులువు, వారం లోపు జామీను ఇవ్వలేనివాణ్ని పేదవాడిగా భావించి సొంత బాండ్ మీద పంపాలని సంహిత 478వ సెక్షనే చెబుతుంది. డబ్బే అడ్డమైతే 2023లో కేంద్రం పెట్టిన పేద ఖైదీల పథకం ఉంది, విచారణ ఖైదీకి, శిక్షపడి జరిమానా కట్టలేనివాళ్లకు జిల్లా కమిటీ ద్వారా డబ్బు సాయం ఇస్తారు.

ఎక్కువ కాలంగా లోపల ఉన్నవాళ్లకు సంహిత 479వ సెక్షను చూడండి. గరిష్ఠ శిక్షలో సగం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లైతే మూడో వంతు గడిపేస్తే విడుదలకు అర్హత వస్తుంది, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు, ఒకటికి మించి కేసులున్నవాళ్లు దీంట్లోకి రారు. జిల్లా జడ్జి, కలెక్టరు, ఎస్పీ ఉండే అండర్‌ట్రయల్ (విచారణ ఖైదీల) రివ్యూ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, ఆ సమావేశానికి పది రోజుల ముందే మీ జాబితా సెక్రటరీ చేతిలో ఉండాలి.

సివిల్, కుటుంబ విషయాలకు దరఖాస్తు

తెలుగులో రాయొచ్చు, తెల్లకాగితం మీద రాయొచ్చు. చదువురాని వాళ్లయితే చెప్పింది రాసుకుని చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటే సరిపోతుంది. రాసేటప్పుడు కథంతా రాయకండి: ఎవరు, ఎవరి మీద, ఏం కావాలి, సెక్షను 12 కింద ఎందుకు అర్హులు, వాయిదా తేదీ ఏదైనా ఉందా. చివరిది మరిచిపోతారు చాలామంది, వాయిదా మర్నాడే ఉంటే కాగితం పైభాగంలో ఎర్ర సిరాతో రాయండి. మహిళా లాయరు కావాలన్నా, ప్యానెల్‌లో ఫలానా వాళ్లు కావాలన్నా రాయవచ్చు, వీలైతే ఇస్తారు. లాయరు ఒక్కరే కాదు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, టైపింగు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా ఈ సాయంలో భాగమేనని దరఖాస్తుదారుకు చెప్పండి.

దరఖాస్తు ఇచ్చి ముద్ర వేసిన కాపీ తీసుకోకుండా ఆఫీసు గడప దాటనివ్వకండి, కాపీకి ఫోన్లో ఫొటో కూడా తీయించండి. ఏడు రోజుల్లోగా నిర్ణయం తీసుకోవాలని 2010 నాటి జాతీయ న్యాయ సేవల రెగ్యులేషన్లు చెబుతున్నాయి, తిరస్కరిస్తే చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ ముద్ర లేకపోతే ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్కపెడతారు? కోర్టుకు రాలేనివాళ్లు జాతీయ సంస్థ వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15100కి ఫోన్ చేయవచ్చు.

లోక్ అదాలత్ గురించి ఒక మాట. బ్యాంకు బాకీలకు, యాక్సిడెంటు పరిహారాలకు అది మంచి దారి, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఏళ్ల తరబడి తిరగక్కర్లేదు. కానీ అక్కడ అయిన అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు. దెబ్బలు తిని వచ్చిన ఆవిడను "రాజీ చేసుకోమ్మా, పిల్లలున్నారు" అని నలుగురూ చుట్టూ చేరి సంతకం పెట్టించడం నేను చూశాను, సంఖ్య పెరుగుతుందని. మన ఉపసంఘం మనిషి పక్కన ఉండి, సంతకానికి ముందు అప్పీలు లేదన్న మాట ఆవిడకు తెలుగులో విడమర్చి చెప్పాలి. ఆవిడ వద్దంటే లేచి రావడమే.

డబ్బు, బహిష్కరణ, మరి కొన్ని ఇబ్బందులు

లీగల్ ఎయిడ్ కేసులో ప్యానెల్ లాయరు కక్షిదారు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. అయినా అడిగేవాళ్లు ఉంటారు, మా బార్‌లోనూ ఒకసారి జరిగింది, "జిరాక్సులకు" అని పదిహేను వందలు. మనవాడే కదా అని దాచిపెడితే ఉపసంఘం అక్కడితో పోయినట్టే. డబ్బు వెనక్కి ఇప్పించాం, కక్షిదారుతో సెక్రటరీకి రాతపూర్వకంగా చెప్పించి లాయరును మార్పించాం. కష్టమైన రోజు, ఆయనతో ఇప్పటికీ మాటలు లేవు.

అదే సమయంలో ప్యానెల్ లాయర్ల బిల్లులు నెలల తరబడి ఆగితే వాళ్ల తరఫున మాట్లాడాల్సింది కూడా బారే. కేసు నంబరు, బిల్లు ఇచ్చిన తేదీ, ఎంత రావాలి, ఈ మూడూ అందరి దగ్గరా సేకరించి ఒకే పట్టిక చేసి ప్రెసిడెంటు గారి కవరింగ్ లెటరుతో జిల్లా జడ్జి గారికి ఇవ్వండి. విడివిడిగా పది మంది గొణిగితే రాని కదలిక ఒక పట్టికతో వస్తుంది.

బహిష్కరణ రోజుల సంగతి. మన డిమాండ్లు న్యాయమైనవే కావచ్చు, కానీ ఆ రోజు రిమాండుకు వచ్చిన మనిషికి అదేం తెలియదు, ఆయన జైలుకు వెళ్తాడు. తీర్మానంలో మినహాయింపు అందుకే పెట్టమన్నాను. ఇంకా ఘోరం, ఊళ్లో ఏదో దారుణం జరిగి జనం కోపంగా ఉన్నప్పుడు "ఈ నిందితుల తరఫున మన బార్‌లో ఎవరూ వాదించకూడదు" అనే తీర్మానం. అలాంటి తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగానికే విరుద్ధమని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. జనరల్ బాడీలో ఆవేశంగా ఉన్నప్పుడు లేచి ఆ తీర్పు చదవడానికి ఒకరు ఉండాలి. ఆ పేజీ జిరాక్సు మీ ఫైల్లో ఎప్పుడూ ఉంచుకోండి.

రిజిస్టరు

రెండు వందల పేజీల లాంగ్ బుక్ చాలు. తేదీ, పేరు, ఎలా వచ్చారు, ఏ సాయం అడిగారు, దరఖాస్తు ముద్ర తేదీ, లాయరును ఇచ్చిన తేదీ, తర్వాతి వాయిదా, ఏమైంది. కులం, రోగం, అత్యాచార బాధితుల పేర్ల లాంటివి దీంట్లో రాయకండి, పుస్తకం బార్ గదిలో నలుగురి చేతుల్లో పడుతుంది.

మూడు నెలలయ్యాక లెక్కపెట్టండి. దరఖాస్తుకూ లాయరుకూ మధ్య ఎన్ని రోజులు పట్టింది, రిమాండ్ దగ్గర ఎంతమందికి లాయరు లేడు, బెయిల్ వచ్చి ఏడు రోజులు దాటినవాళ్లు ఎంతమంది. ఈ మూడు అంకెలతో ఒక పేజీ వినతిపత్రం రాసి జిల్లా జడ్జి గారికి, కాపీ రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. "పేదలకు న్యాయం అందడం లేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, "ఈ మూడు నెలల్లో మా కోర్టులో ఇంతమంది లాయరు లేకుండా రిమాండుకు వెళ్లారు" అని తేదీలతో రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. జైల్లో ఉన్నవాళ్లకు న్యాయ సహాయం మీద 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వినతిలో ప్రస్తావించండి, జైలు క్లినిక్కుల పనిని ఎప్పటికప్పుడు చూసుకోవాలని అందులో ఉంది. సొంత లెక్కలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుల సంఖ్య, పెండింగు, తిరస్కరణలు అడగవచ్చు, కానీ మొదట మామూలుగా అడిగి చూడండి, చాలాసార్లు ఇస్తారు.

మొదటివారం చేయాల్సింది ఇంతే: సోమవారం సెక్షను 12 కాగితం అంటించండి, మంగళవారం ఐదుగురితో కూర్చుని వంతులు రాసుకోండి, ప్రెసిడెంటు గారిని జనరల్ బాడీకి తేదీ అడగండి. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు, ఆ శనివారం ఆదివారం రిమాండుకు వెళ్లే లాయరు పేరు, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, స్టేషన్ రైటరుకు ఒకటి, కోర్టు డ్యూటీ కానిస్టేబులుకు ఒకటి, మేజిస్ట్రేట్ గారి క్వార్టర్స్ గేటు దగ్గర అటెండరుకు ఒకటి ఇచ్చి రండి.